ఇటుక రంగు

14 జూన్ 2004, సోమవారం

రెండు రాగిరొట్టెలు వేశాను. మా ఆయన కంచం వైపు చూడలేదు, నా చేతి వైపు చూశారు. "లెక్క సరిపోయిందా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. తర్వాత ఒక రొట్టె సగంలో వదిలేసి లేచిపోయారు.

ఈ డైరీ నంజప్ప గారు కొత్త సంవత్సరానికి కొట్లో అందరికీ ఇచ్చింది. బెంగుళూరు నగర్తపేటలో ఆయన బొత్తాలు, లేసులు అమ్మే హోల్‌సేల్ కొట్లో రోజంతా లెక్కలు రాసి వచ్చి, ఇంట్లో కూడా రాయాలా అని ఇన్నాళ్లూ ముట్టలేదు. ఇవాళ తెరిచాను. ఎవరితోనూ చెప్పుకోలేనివి కొన్ని ఉన్నాయి.

మా ఆయన షుగరుకు మాత్రలు చాలడం లేదని ఈస్టర్ తర్వాత డాక్టరు గారు ఇన్సులిన్ మొదలుపెట్టారు. అప్పటినుంచి ఇంట్లో ఒక వాసన. స్పిరిట్ దీపం మండిన వాసన. మా ఇంట్లో స్పిరిట్ దీపం లేదు. ఆయన్ని అడిగితే తనకు రావడం లేదన్నారు. కింద ఇంటివాళ్లకూ రావడం లేదట. హెచ్‌ఎస్‌ఆర్‌లో మా వీధిలో ఇళ్లకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. ఎక్కడినుంచో గాలికి వస్తోందేమో.

చిన్నప్పుడు గుంతకల్లులో మా ఇంట్లో వచ్చేది ఆ వాసన. పొద్దున్నే.

16 జూన్

షుగరు 212. నేనేమీ అనలేదు. ముఖం చూశానంతే.

20 జూన్, ఆదివారం

రాయకుండా ఉంటే బాగుండు. కానీ రాయకపోతే నిద్ర పట్టదు.

ఆరాధన అయ్యాక చర్చి హాల్లో ఎవరిదో పిల్ల పుట్టినరోజని కేకు కోశారు. ఆయన ఆర్గన్ మూసి, పాటల పుస్తకాలు సర్ది, ఆలస్యంగా వచ్చారు. వారమంతా బెంగుళూరు చర్చిల్లో పియానోలు, ఆర్గన్లు బాగుచేసి శ్రుతి చేస్తారు. ఆదివారం మా తెలుగు చర్చిలో వాయిస్తారు. కోయిర్‌లో పిల్లలందరికీ స్టాన్లీ అంకులే గురువు. ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఆయన చేతిలో చిన్న ముక్క పెట్టింది.

నేను హాలుకు ఆ చివర ఉన్నాను. ఎలా వెళ్లానో తెలియదు. ఆయన చేతిలోంచి ఆ ముక్క లాగేసుకున్నాను.

"ఇంకో కాలు కూడా పోగొట్టుకుంటావా?" అన్నాను.

ఆయనకు రెండు కాళ్లూ ఉన్నాయి.

ఆయన్ని నేనెప్పుడూ నువ్వు అనలేదు. ఆ గొంతు నాది కాదు. అది మా అమ్మ గొంతు. మాట, విసురు, చివర్లో వచ్చే ఆ కీచు, అన్నీ అమ్మవే. అమ్మ చనిపోయి తొమ్మిదేళ్లయింది.

హాల్లో అందరూ ఆగిపోయారు. ఆయన తల వంచి తన బూట్ల వైపు చూసుకున్నారు, కాళ్లు ఉన్నాయో లేదో చూసుకున్నట్టు. తర్వాత ఆ పిల్లతో "తప్పేంలేదు తల్లీ, ఆంటీకి భయం" అని నవ్వారు.

నేను చేసింది ఆయన మంచికోసమే. ఎవరైనా అలాగే చేస్తారు.

21 జూన్

మామూలుగానే ఉన్నారు. కాఫీ తాగారు. "వెళ్లొస్తా" అన్నారు.

22 జూన్

మామూలుగానే ఉన్నారు.

2 జూలై, శుక్రవారం

నాన్న సంగతి ఈయనకు పైపైన తెలుసు. రైల్వేలో గార్డు, పేరు పుల్లయ్య, షుగరుతో పోయాడు. అంతే చెప్పాను పెళ్లప్పుడు. అంతకంటే ఎవరూ అడగలేదు.

అప్పట్లో షుగరు చూసే మీటర్లు లేవు. అమ్మ పొద్దున్నే వరండాలో స్పిరిట్ దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో నాన్న మూత్రం చుక్కలు వేసి కాచేది. నీలంగానే ఉంటే షుగరు లేదు. ఆకుపచ్చకు తిరిగితే కొంచెం. పసుపు అయితే ఎక్కువ. ఇటుక రంగు వచ్చిందంటే ఆ రోజు ఇంట్లో అన్నం సహించేది కాదు ఎవరికీ. "ఇటుక రంగు!" అని అమ్మ వరండాలోంచే అరిచేది. క్వార్టర్స్ వరస మొత్తం వినేది. నాతో బడికి వచ్చే పిల్లలు కూడా వినేవాళ్లు.

నాన్న లోపల పడక కుర్చీలో ఉండేవాడు. మోకాలి కింద కాలు తీసేశాక ఆ కుర్చీని గోడవైపు తిప్పించుకున్నాడు. తెల్ల బనియన్, మెడ మీద కాలిన మచ్చ, వీపు, గోడ. చివరి సంవత్సరం నాన్న మాట నాకు గుర్తులేదు. "ఊఁ" అనేవాడు. అన్నం తిన్నావా అంటే ఊఁ. నొప్పిగా ఉందా అంటే ఊఁ.

ఇవాళ ఈయన్ని "సూది వేసుకున్నారా?" అన్నాను.

"ఊఁ" అన్నారు.

11 జూలై, ఆదివారం

ఈయన చర్చికి రాలేదు. కోయిర్ మానేస్తున్నానని పాస్టర్ గారికి ఫోన్లో చెప్పేశారట, నాకు అక్కడికి వెళ్లాక తెలిసింది. పాస్టర్ గారు సాయంత్రం ఇంటికి వచ్చారు. వేళ్ల కొసలు మొద్దుబారాయని, ఆర్గన్ మెట్లు సరిగ్గా తెలియడం లేదని ఈయన చెప్పారు. పైగా రోజూ సూదితో పొడిచి పొడిచి ఆ కొసలు పుండ్లయ్యాయని చూపించారు. పాస్టర్ గారు ప్రార్థన చేసి వెళ్లారు. నాకు ఒక్క ముక్క చెప్పలేదు ఈయన. నేను రోజూ పక్కనే నిలబడి చూస్తున్నాను కదా, ఎప్పుడు మొద్దుబారాయి?

పాస్టర్ గారిని కింద గేటు వరకు దింపి పైకి వచ్చాను. పాలగిన్నె తీసుకుని వంటింట్లోంచి వస్తుంటే కరెంటు పోయింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్ల బనియన్. వీపు ఇటు, ముఖం గోడకు.

నాన్నలా ఉన్నారు అని రాయబోయాను. కాదు. నాన్నే. మెడ మీద ఆ కాలిన మచ్చ కూడా ఉంది. చేతిలో పాలగిన్నె జారిపోయింది.

ఆ చప్పుడుకు తిరిగారు. "ఏమైంది బేబీ?" అన్నారు ఈయన.

ఏమీ లేదన్నాను. పాలు తుడిచాను. కుర్చీ వెనక్కి తిప్పి హాలు వైపు పెట్టాను. ఈయన మెడ మీద మచ్చేమీ లేదు, దీపం తెచ్చి చూశాను.

13 జూలై

118! దేవునికి స్తోత్రం.

ఇకనుంచి తనే చూసుకుని చెబుతానన్నారు, నేను పక్కన నిలబడితే చెయ్యి వణుకుతోందట. సరే అన్నాను.

15 జూలై

122.

19 జూలై

115. పాస్టర్ గారి ప్రార్థన పనిచేసింది. ముఖం కూడా సన్నబడింది, ఒళ్లు తగ్గడం మంచిదే. నీళ్లు బాగా తాగుతున్నారు. అది కూడా మంచిదే అంటారు.

22 జూలై

120. ప్యాంటు నడుము పట్టించి ఇచ్చాను. బాత్‌రూములో చీమలు పట్టాయి, మందు చల్లాలి.

25 జూలై, ఆదివారం

వర్తూరు నుంచి పెద్దక్క వచ్చింది, ఈయన అక్క. మా పెళ్లి చేసింది ఆవిడే. సంచినిండా దంటు ఆకుకూర తెచ్చింది. ఈయన షాపుకని కిందికి దిగగానే నా చెయ్యి పట్టుకుంది.

"ఏం బేబీ, వాడు ఇట్ల అయిపోయినాడే? ఎముకలు లెక్కపెట్టొచ్చు గదే."

"షుగర్ కంట్రోల్‌కు వచ్చింది వదినా. నూటపదిహేను, నూటయిరవై."

"నంబర్లు నాకేం తెలుస్తాయి. మనిషిని చూసి చెప్తాండా. పోయిన వారం మూడు దినాలు మా ఊరికొచ్చినాడు తెల్సా నీకు? పనికి పోతాండా అని నీకు చెప్పి, చెరువు కట్ట మీద కూర్చోని ఉండాడు. ఆ గబ్బులో, నీళ్ల మీద పెరిగిన ఆ పిచ్చి ఆకు చూసుకుంటా. అన్నానికి రారా అంటే రాడు. 'అక్కా, అలసిపోయినా' అన్నాడు. ఎందుకు అలసిపోయినావురా అంటే చెప్పడు."

"నాకు చెప్పలేదే."

"నీకెట్ల చెప్తాడు? నువ్వు వానికి పెండ్లామా, పోలీసా?"

ఒళ్లు మండింది. ఇంట్లో ఉండి చూసుకునేది నేను. ఉప్పు తూచి, బియ్యం తూచి, పాదాలు రోజూ భూతద్దం పెట్టి చూసేది నేను. నెలకోసారి ఆకుకూర తెచ్చి ఇచ్చే మనిషికి ఏం తెలుస్తుంది? ఆవిడ వెళ్లేటప్పుడు సరిగ్గా మాట్లాడలేదు నేను.

ఈయన్ని అడగాలి.

26 జూలై

అడగలేదు. 119.

28 జూలై

అడగలేదు. 117. స్పిరిట్ వాసన ఇవాళ వంటింట్లో కూడా.

1 ఆగస్టు

అడగలేదు. దగ్గుతున్నారు, ఒళ్లు వెచ్చగా ఉంది. వానల కాలం, అందరికీ ఉంది.

7 ఆగస్టు, శనివారం, ఆసుపత్రి

నిన్న మధ్యాహ్నం కొట్టుకు ఫోన్ వచ్చింది. కింద ఇంటావిడ. మెట్ల మీద కూర్చుండిపోయారు, లేవడం లేదు, ఆటోలో ఎక్కిస్తున్నాం, నేరుగా ఆసుపత్రికి రా అంది. నంజప్ప గారు కొట్టు మనిషిని తోడు పంపారు.

నేను వెళ్లేసరికి రొప్పుతున్నారు. పరిగెత్తి వచ్చినట్టు, లోతుగా, ఆగకుండా. నోటినుంచి మాగిపోయిన పండ్ల వాసన. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడలేదు.

"చివరిసారి ఇన్సులిన్ ఎప్పుడు వేసుకున్నారు?" అన్నాడు డాక్టరు.

"పొద్దున. రోజూ రెండు పూటలా. నూటయిరవై దాటడం లేదు సార్."

డాక్టరు నా వైపు చూశాడు. యంత్రంలో ఐదువందలు దాటిందన్నాడు. రక్తం ఆమ్లమైపోయింది, ఛాతీలో ఇన్‌ఫెక్షన్ ఉంది, ఇన్సులిన్ అందక ఇలా అయింది, ఒక పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు. అందక అంటే ఏమిటి? నేను అదే మాట మళ్లీ చెప్పాను. రోజూ రెండు పూటలా. నూటయిరవై దాటడం లేదు.

ఇవాళ తెల్లవారాక తెలివి వచ్చింది. నీళ్లు అడిగారు. డాక్టరు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. ఈయన నా ముఖం చూడకుండా చెప్పారు.

"మూడు వారాలుగా వేసుకోలేదు. మీటరు కూడా తీయలేదు. నంబర్లు నోటికొచ్చినవి చెప్పినా."

118. 122. 115. ఈ డైరీ వెనక్కి తిప్పి చూసుకున్నాను. నా చేత్తోనే రాశాను అన్నీ.

9 ఆగస్టు, సోమవారం

ఒకావిడ వచ్చింది. ఫర్హానా, ఆసుపత్రిలో కౌన్సెలర్. కర్నూలు అమ్మాయి, తెలుగులోనే మాట్లాడింది. ఈయనతో చాలాసేపు కూర్చుంది, నన్ను బయట ఉండమంది. తర్వాత నన్ను లోపలికి పిలవమని ఈయనే అన్నారట.

నేను కూర్చోగానే ఆవిడ ఈయన్ని సూటిగా అడిగింది. "సార్, ఇందాక నాకు చెప్పింది మేడమ్ ముందు చెప్తారా? చచ్చిపోవాలని అనుకున్నారా?"

అలాంటి మాట పైకి అడుగుతారా ఎవరైనా?

ఈయనకు మాత్రం కోపం రాలేదు. కొంచెం తేలికపడ్డట్టు కనిపించారు.

"చావాలని కాదు మేడమ్. ఆపేస్తే ఏమైతాదో అది కానీలే అనిపించింది. పొద్దున లేస్తే మార్కులు. తిన్నాక మార్కులు. మంచి మార్కులొస్తే ఇంట్లో దీపం వెలిగినట్ల ఉంటాది. తక్కువొస్తే ఎవరో పోయినట్ల ఉంటాది. ఎంత చేసినా రేపు మళ్లీ సున్నా నుంచి. వేళ్లు పోతాండాయి. వేళ్లు పోయినాక నేనెవర్ని? అలసిపోయినా. అంతే."

నేను ఏడవలేదు. నా వల్లనే అని మీ అర్థమా అన్నాను. ఆ గొంతు కూడా అమ్మదే.

ఫర్హానా నా వైపు తిరిగింది. షుగరున్న వాళ్లలో చాలామందికి ఇలా అవుతుందట. జబ్బు కోసం ఒళ్లంతా చూస్తారు గానీ, దాన్ని రోజూ మోసే మనసును ఎవరూ చూడరు అంది. దీనికి వేరే డాక్టరు ఉన్నారు, మందూ ఉంది, తను కూడా వారం వారం కలుస్తుంది. మళ్లీ అలాంటి ఆలోచన వస్తే ఎవరికి చెప్పాలో ఈయనే ఎంచుకోవాలంది. ఈయన పెద్దక్క పేరు చెప్పారు. కొంచెం ఆగి నా పేరు చెప్పారు.

ఆ ఆగడం నాకు వినిపించింది.

బయటికి వచ్చాక వరండాలో ఫర్హానా "మీరెలా ఉన్నారు మేడమ్?" అంది.

"ఇవాళ పొద్దున నూటఎనభై ఉందమ్మా, నిన్నటికంటే..."

"సార్ సంగతి కాదు. మీ సంగతి."

జవాబు రాలేదు నాకు. ఎంత వెతికినా రాలేదు. నర్సు ఎవరో పిలిస్తే ఆమె వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆసుపత్రిలో స్పిరిట్ వాసన రావడం సహజమే.

15 ఆగస్టు, ఆదివారం

ఇంటికి తీసుకొచ్చాం. పెద్దక్క వారంపాటు ఉంటానంది. ఆవిడకు సారీ చెప్పాను. "ఊరుకోవే, నాకూ నోరు ఎక్కువ" అంది.

ఒప్పందం: నంబరు నేను అడగకూడదు. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు. వేలి కొసన కాకుండా పక్కన పొడుచుకోమని డాక్టరు గారు చూపించారు, కొసలు మానుతాయట. కంచం దగ్గర నేను నా కంచమే చూసుకోవాలి.

16 ఆగస్టు

అడగలేదు.

17 ఆగస్టు

అడగలేదు. వంటింట్లోకి వెళ్లి కొళాయి తిప్పి నిలబడ్డాను.

18 ఆగస్టు

అడిగాను. "ఊఁ" అన్నారు. రోజంతా ఆ ఊఁ ఇంట్లో తిరిగింది. కుర్చీ మళ్లీ గోడవైపు ఉంది. పెద్దక్క తిప్పలేదట. ఆయన తిప్పలేదట. నేను తిప్పలేదు.

24 ఆగస్టు

అడగలేదు. భోజనం అయ్యాక తనే "నూటతొంభై. నిన్న అన్నం ఎక్కువైంది" అన్నారు. నేను "సరే" అన్నాను. ఒక్క సరే అనడానికి ఇంత బలం కావాలా?

4 సెప్టెంబరు, శనివారం

ఆసుపత్రిలో శనివారం పొద్దున షుగరు ఉన్నవాళ్లు ఒక గదిలో కలుస్తారు. ఫర్హానా నడుపుతుంది. మొదట మందు, తిండి గురించి మాట్లాడతారనుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు ఎవరూ. ఒక కాలేజీ అమ్మాయి, చాందిని, క్యాంటీన్లో సూది వేసుకుంటే స్నేహితులు ఏమనుకుంటారోనని రెండు పూటలు తిండే మానేస్తానని చెప్పింది. అందరూ విన్నారు. ఎవరూ తిట్టలేదు.

జ్ఞానప్రకాశం గారని ఒక పెద్దాయన. మా కొట్టు వెనక సందులోనే గాజుల వ్యాపారమట, ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు. ఆయన ఈయన భుజం మీద చెయ్యి వేసి, "ఏమప్పా స్టాన్లీ, నువ్వు మూడు వారాలే ఆపినావు, నేను ఒకసారి మీటరు తీసుకోనిపోయి మార్కెట్లో చెత్తకుప్పలో ఏసి వచ్చినా. మళ్ల మా ఇంటామె ఇంకోటి కొనుక్కొచ్చె. రెండు దినాలు మాట్లాడలేదు ఇద్దరం" అన్నారు. ఈయన నవ్వారు. పళ్లు కనిపించేలా. ఈ మధ్య ఆ పళ్లు చూడలేదు నేను.

జ్ఞానప్రకాశం గారు చెప్పు విడిచి కూర్చున్నారు. ఎడమ పాదానికి బొటనవేలు లేదు. నేను గోడవైపు చూశాను. ఆయన గమనించారు.

"చూడమ్మా, పర్వాలేదు. ఇది పోయి పదేండ్లు. నేను పోలేదు గదా. ఇక్కడనే ఉండాను."

చూశాను. పాదం. మామూలు పాదమే.

18 సెప్టెంబరు, శనివారం

ఇవాళ ఇంట్లోవాళ్లను మాట్లాడమంది ఫర్హానా. నా వంతు వచ్చేసరికి లేచి వెళ్లిపోదామనుకున్నాను. ఈయన నా వైపు చూడకుండా కుర్చీ కొంచెం ఇటు జరుపుకున్నారు. కూర్చున్నాను.

నాన్న సంగతి చెప్పాను. గాజు గొట్టం, రంగులు, వరండాలోంచి అరుపు. ఇవన్నీ ఇదివరకే ఇక్కడ రాశాను. రాయనిది ఒకటి ఉంది, అదీ చెప్పాను. ఎందుకు రాయలేదో తెలియదు.

నాన్న పోయాక అమ్మ ఆపలేదు. పొద్దున్నే లేచి స్నానం చేసి, వరండాలో స్పిరిట్ దీపం వెలిగించేది. గొట్టంలో నీలం మందు పోసేది. అందులో బిందెలోని నీళ్లు రెండు చుక్కలు వేసి కాచేది. నీళ్లకు రంగు మారదు కదా. ఎంతసేపు కాచినా నీలంగానే ఉండేది. అమ్మ దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, "నీలం. బాగుంది" అనేది. మెల్లగా. అరవకుండా. నాన్న బతికి ఉన్నంతకాలం ఆ గొంతుతో ఒక్కసారి కూడా అనలేదు. క్వార్టర్స్ ఖాళీ చేసే దాకా రోజూ చేసింది. నేను తలుపు వెనక నిలబడి చూసేదాన్ని. దగ్గరికి పోలేదు. భయం వేసేది.



"మీ అమ్మగారు ఎలా ఉన్నారని అప్పుడు ఎవరైనా అడిగారా?" అంది ఫర్హానా.

లేదు. ఎవరూ అడగలేదు. నాన్న పాపం అన్నారు అందరూ. అమ్మను గయ్యాళి అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. ఆ అరుపు కోపం అనుకున్నాను.

అప్పుడు ఏడ్చాను. జ్ఞానప్రకాశం గారి భార్య కొంగుతో నా ముఖం తుడిచింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

బస్సులో ఈయన కిటికీ పక్కన కూర్చున్నారు. మడివాళ దాటాక, "ఇంత ఉండాదని నాకు చెప్పలేదే బేబీ" అన్నారు.

"మీరూ చెప్పలేదు కదా."

"ఊఁ" అన్నారు. తర్వాత, "లేదు, చెప్పలేదు" అన్నారు.

3 అక్టోబరు

వాసన తగ్గింది. పోలేదు.

14 అక్టోబరు, గురువారం

మంచి రోజులు వచ్చేశాయి అనుకోవడం నా పొరపాటు. నాలుగు రోజులుగా పనికి వెళ్లడం లేదు. స్నానం చేయరు. ఇన్సులిన్ వేసుకుంటున్నారు, వేసుకుని అలాగే పడుకుంటున్నారు. మనసు డాక్టరు ఇచ్చిన మందు పనిచేయడానికి టైము పడుతుందని, మధ్యలో ఇలా వెనక్కి లాగుతుందని ముందే చెప్పారు. చెప్పారని తెలిసినా చూస్తూ ఉండడం కష్టం.

పొద్దున పక్కన కూర్చుని ఫర్హానా నేర్పినట్టు అడిగాను. "ఆగిపోవాలనిపిస్తోందా?"

"నిన్న అనిపించింది. ఇవాళ లేదు" అన్నారు.

ఫర్హానాకు ఫోన్ చేద్దామా అంటే తల ఊపారు. నేను నంబరు కలిపి ఫోన్ ఆయనకిచ్చి గదిలోంచి వచ్చేశాను. తలుపు దగ్గర నిలబడలేదు. కిందికి వెళ్లి గేటు బయట నిలబడ్డాను. ఎదుటి సైట్లో పునాదులు తవ్వుతున్నారు. అనంతపురం వైపు కూలీలు, ఆడవాళ్లు మట్టి మోస్తూ ఏదో విషయానికి పగలబడి నవ్వుతున్నారు. ఎందుకో అడగాలనిపించింది.

వచ్చేసరికి ఆయన స్నానానికి వెళ్లారు.

15 అక్టోబరు

పనికి వెళ్లలేదు. గడ్డం గీసుకున్నారు.

21 అక్టోబరు

పనికి వెళ్లారు. నంజప్ప గారు నన్ను పిలిచి, "ఏమ్మా, మొఖం బాగుంది ఈ దినం" అన్నారు. నాకు జవాబు వచ్చింది. "బాగానే ఉన్నా సార్. నిద్ర పట్టింది" అన్నాను.

12 నవంబరు

పాస్టర్ గారు క్రిస్మస్ ముందు వచ్చే అడ్వెంట్‌కు వాయించమని అడిగారు. వేళ్లు సహకరించవు, వాయించలేను, పిల్లలకు పాట నేర్పిస్తా అన్నారు ఈయన. వాయించలేను అనడం వినడానికి ఎలాగో అనిపించింది. ఆయన మాత్రం మామూలుగా అన్నారు. ఏడవాల్సింది ఎప్పుడో ఏడ్చేశారేమో, నాకు తెలియకుండా.

4 డిసెంబరు, శనివారం

కంటోన్మెంటు వైపు ఒక పాత ఇంగ్లీషు చర్చి నుంచి పిలుపు వచ్చింది. క్రిస్మస్ దగ్గరికి వచ్చింది, వాళ్ల పైపు ఆర్గన్లో ఒక స్వరం ఎవరూ నొక్కకుండానే మోగుతోందట. పైపుల్లోకి గాలి కొట్టే మోటారు వేయగానే మొదలవుతుంది, ఆపేదాకా ఆగదు. చర్చి చూసుకునే కప్యారు భయపడి లోపలికి రావడం మానేశాడట. ఆయన నవ్వుతూ చెప్పారు ఇదంతా. తర్వాత, "నువ్వు రాకూడదా? పైపుల దగ్గర నేను వింటా. మెట్లు నువ్వు నొక్కాల. నా వేళ్లకు తెలియడం లేదు గానీ చెవులు బాగుండాయి" అన్నారు.

పెళ్లయినప్పటి నుంచి ఆయన పనిచేసే చోటికి నన్నెప్పుడూ రమ్మనలేదు.

చర్చి ఖాళీగా, చల్లగా ఉంది. మోటారు వేయగానే ఆ స్వరం మొదలైంది. నిజంగానే ఎవరో లోపల కూర్చుని నొక్కుతున్నట్టు. ఆయన చెక్క తలుపు తీసి పైపుల వెనక్కి దూరారు. "కింది వరసలో మూడోది. పట్టుకో. వదులు. పక్కది. మళ్లీ మొదటిది" అని లోపలినుంచి అరుస్తుంటే నేను నొక్కుతూ పోయాను. నా వేళ్లు కొట్లో బొత్తాలు లెక్కపెట్టడానికి తప్ప దేనికీ పనికిరావనుకున్నాను. చాలాసేపు అలా చేశాం. ఒకసారి ఆ స్వరం ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చింది. "దొరికిందిలే, ఎక్కడ పట్టుకుందో" అన్నారు.

తర్వాత మాట రాలేదు. "ఏమండి?" అన్నాను. మాట లేదు.

ఆయనే బయటికి వచ్చారు. చెక్క తలుపు పట్టుకుని. ముఖం నిండా చెమట, పెదవులు తెల్లగా.

"బేబీ, పడిపోయేట్ల ఉన్నా. షుగరు తగ్గిపోయినట్టుంది. నువ్వు చూడు."

నువ్వు చూడు అన్నారు.

ఆర్గన్ ముందున్న రాతి మెట్ల మీదే కూర్చోబెట్టాను. మీటరు ఆయన సంచీలోనే ఉంది. వేలు నా వైపు చాచారు. పక్కన పొడిచాను. 54. నా నోట్లో ఎన్నో మాటలు వచ్చాయి. పొద్దున టిఫిన్ సరిగ్గా తినలేదు కదా, నేను చెప్పాను కదా, ఇంకా చాలా. అవన్నీ అమ్మ మాటలు. అమ్మ పాపం అనుకున్నాను. గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి పట్టించాను.

"పదిహేను నిమిషాలు కూర్చోవాల" అన్నారు.

"కూర్చుందాం."

పక్కనే కూర్చున్నాను. ఆ స్వరం మోగుతూనే ఉంది. ఎత్తుగా, సన్నగా, చర్చి అంతా నిండిపోయి. ఆయన చెయ్యి నా చేతిలో వణుకుతోంది.

"భయమేసింది" అన్నారు.

"నాకూ. చాలా రోజులనుంచి" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "నువ్వెట్లుండావు బేబీ?" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టాను. కుర్చీ గురించి, పాలగిన్నె జారిన సాయంత్రం గురించి, ఆయన మెడ మీద నేను చూసిన మచ్చ గురించి. చెబుతూనే ఉన్నాను. ఆయన వింటూ ఉన్నారు. పదిహేను నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి, చెమట ఆరిపోయింది, రంగు తిరిగి వచ్చింది. మోటారు ఆపాలని ఇద్దరికీ తోచలేదు.